టెక్ సందేహాలు: క్లచ్ ఉన్నట్టుండి పోయింది, గేర్‌బాక్స్ దించాల్సిందేనా?

ప్రశ్న: మాది మాన్యువల్ గేర్ల కారు. నిన్నటిదాకా బాగానే నడిచింది. ఇవాళ సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కితే పెడల్ కిందికంటా పోయి అక్కడే ఉండిపోయింది. గేర్ పడలేదు. ఫోన్‌కి కలిపే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చూపే పరికరం) పెట్టి చూస్తే ఒక్క ఎర్రర్ కోడ్ కూడా లేదు. మెకానిక్ ఫోన్‌లో విని ‘క్లచ్ ప్లేట్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి’ అన్నాడు. సరేననమంటారా?

జవాబు: అప్పుడే అనకండి. ప్లేట్ అరిగితే సాధారణంగా చాలా ముందు నుంచే తెలుస్తుంది. ఎక్సలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతుంది గానీ బండి వేగం అందుకోదు. ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు, కాలిన వాసన వస్తుంది. మీ విషయంలో ఇవేవీ లేవు. పెడల్ కిందికి పోయి లేవలేదంటే ముందు అనుమానించాల్సింది ప్లేట్‌ని కాదు, మీ కాలి ఒత్తిడిని ప్లేట్ దాకా మోసుకెళ్లే ఏర్పాటుని.

స్కానర్ సంగతి కూడా చెప్పాలి. చాలా కార్లలో క్లచ్ గురించి ఈసీయూకి (బండిలోని ఇంజిన్ కంప్యూటర్‌కి) తెలిసేది పెడల్ దగ్గరున్న స్విచ్ ద్వారానే. ఆ స్విచ్ సర్క్యూట్ చెడితే పీ0704 కోడ్ వస్తుంది. క్లచ్ ఆయిల్ కారిపోయినా, దాన్ని ఆపే రబ్బరు సీల్ చిరిగినా ఈసీయూకి తెలిసే దారి లేదు. అందుకని కోడ్ రాలేదని క్లచ్ బాగున్నట్టు కాదు.

ఇక బండి దగ్గరికి వెళ్లండి. మీది కేబుల్ క్లచ్ అయితే కేబుల్ తెగి ఉండొచ్చు, లేదా కొస ఊడి ఉండొచ్చు. ఇది బయటి పని, త్వరగా అయిపోతుంది. హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే) క్లచ్ అయితే బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా చూడండి. చాలా కార్లలో బ్రేకుకీ క్లచ్‌కీ డబ్బా ఒకటే. లెవెల్ తగ్గిందంటే ఎక్కడో కారుతూ ఉండొచ్చు. పెడల్ పైభాగాన, కార్పెట్ మీద తడి ఉంటే కారేది మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే భాగం. గేర్‌బాక్స్ పక్కన, ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండర్ రబ్బరు బూటు తడిగా ఉంటే కారేది అదే. లెవెల్ తగ్గకపోయినా, ఎక్కడా తడి లేకపోయినా మాస్టర్ సిలిండర్‌ని వదిలేయకండి. లోపలి సీల్ చెడితే ఆయిల్ బయటికి రాకుండా వెనక్కే జారిపోతుంది, పెడల్ దిగిపోతుంది. పెడల్‌ని పైకి లాగి నాలుగైదుసార్లు గబగబా తొక్కి చూడండి. కాసేపు గట్టిపడి గేర్ పడితే లోపం హైడ్రాలిక్స్‌లోనే అని దాదాపు ఖాయం: గాలి చేరింది, లేదా సీల్ పోయింది.

డబ్బా ఉమ్మడిది అయి, లెవెల్ తగ్గి ఉంటే దయచేసి ఆ బండి నడపకండి. అది క్లచ్‌తో ఆగే సమస్య కాదు, బ్రేకులకూ అదే ఆయిల్ కావాలి. మూత మీద రాసి ఉన్న డాట్ 3 లేదా డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ తప్ప ఇంకేదీ పోయకండి. ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీల్స్ అన్నీ ఉబ్బి పాడవుతాయి.

మరో పరీక్ష: సమతలం మీద హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి గేర్లు మార్చి చూడండి. ఆపినప్పుడు అన్నీ పడి, స్టార్ట్ చేశాక పడకపోతే క్లచ్ విడవడం లేదని, అంటే ఇంజిన్‌ని గేర్‌బాక్స్ నుంచి వేరు చేయడం లేదని అర్థం. ఆపినా పడకపోతే గేర్ లీవర్ కేబుల్స్‌నో, లింకేజీనో అనుమానించాలి.

గేర్‌బాక్స్ దించక తప్పని సందర్భాలూ ఉన్నాయి. పెడల్ మామూలుగానే ఉండి క్లచ్ విడవకపోతే క్లచ్‌ని విడదీసే లోపలి ఫోర్కో, క్లచ్ ప్లేట్‌ని నొక్కి ఉంచే ప్రెషర్ ప్లేటో విరిగి ఉండొచ్చు. కొన్ని మోడళ్లలో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపల, షాఫ్ట్ చుట్టూ ఉంటుంది. అది కారితే దించాల్సిందే. ఎలాగూ దించారు కాబట్టి ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేట్ మీద ఒత్తే బేరింగ్) మూడూ ఒకేసారి మార్పించండి. అక్కడ పొదుపు చేస్తే అదే కూలీ మళ్లీ కట్టాల్సి వస్తుంది.

రోడ్డు మధ్యలో ఆగిపోతే హజార్డ్ లైట్లు వేసి, న్యూట్రల్‌లో పక్కకి తోయించడమే మంచిది.

ప్రశ్న: క్లచ్ తొక్కినప్పుడే గరగరమని చప్పుడు వస్తోంది, వదిలితే ఉండదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎక్కువగా అది రిలీజ్ బేరింగ్ చప్పుడు. వదిలినప్పుడు మోగి, తొక్కితే ఆగితే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ని చూడమనండి. ఇవాళే బండి ఆగిపోదు గానీ, దూర ప్రయాణం పెట్టుకునే ముందు చూపించండి. ఈలోగా సిగ్నల్స్ దగ్గర క్లచ్ తొక్కిపట్టి ఉంచకుండా న్యూట్రల్‌లో వేసి కాలు తీసేయండి.