మాచాని మరిగించకండి, కలపండి

పారేయకండి! టోక్యో నుంచి తమ్ముడు తెచ్చిన మాచాని, అంటే జపాన్ గ్రీన్ టీ ఆకు పొడిని, అల్లం టీలాగా పాలల్లో వేసి మరిగించానని, నోట్లో పెట్టలేనంత చేదొచ్చిందని, గ్లాసు అడుగున పచ్చటి ముద్ద మిగిలిందని రాశారు. ఇంట్లో ఎవరూ ముట్టుకోవట్లేదు, రోజూ తాగేవాటిలోనో స్వీట్లలోనో వాడేసే దారుందా అని అడిగారు. ఉంది. మీరు చేసిన పనే నేనూ చేశాను, అదీ జపాన్‌లో కూర్చుని. మా ఆయన ఉద్యోగం వల్ల ఒసాకాలో ఐదేళ్ళున్నాం. వెళ్ళిన కొత్తల్లో పక్కింటావిడ చిన్న డబ్బా ఇస్తే, పాలు పొంగించి, రెండు యాలక్కాయలు దంచి వేసి మరీ కాచాను. వీడియో కాల్‌లో మా అత్తగారు గ్లాసులోకి చూసి, "గోరింటాకు నూరుకుని తాగుతున్నారేంటే?" అన్నారు.

(జపాన్‌లో దీన్ని 'చ'కి ఒత్తు పెట్టి మచ్చా అనే అంటారు. మనకి వేరే మచ్చ గుర్తొస్తుందని మాచా అని రాస్తున్నాను. తెల్ల కుర్తా మీద పడినప్పుడు మాత్రం ఆ పేరే సరైనదనిపిస్తుంది.)

మామూలు గ్రీన్ టీలో ఆకుని నానబెట్టి తీసేస్తాం. ఇందులో ఆకు మొత్తం కడుపులోకే వెళ్తుంది. కోతకి మూడు వారాల ముందు నుంచీ తోటలకి పందిరి వేసి ఎండ తగలకుండా చేస్తారు. నీడలో ఆకు రంగు చిక్కబడుతుంది. ఆకుకి కమ్మదనం ఇచ్చే థియానిన్ ఎండకి వగరుగా మారిపోకుండా మిగులుతుంది. కోశాక ఆవిరి పట్టి, నలపకుండా ఆరబెట్టి, ఈనెలూ కాడలూ తీసేసి తిరగట్లో విసురుతారు. క్యోటో పక్కన ఉజి అనే ఊళ్ళో ఒక దుకాణం అద్దాల వెనక ఆ తిరగలి తిరుగుతుంటే చూశాను. మోటారుతోనే తిరుగుతోంది కానీ నిద్రలో ఉన్నట్టు తిరుగుతోంది. గంటసేపు తిరిగితే రాలేది ఓ 40 గ్రాములు. వేగం పెంచితే రాయి వేడెక్కి వాసన పోతుందని కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ చెప్పింది. రాయి వేడికే పోయే వాసనని నేను పొయ్యి మీద పది నిమిషాలు కాచానన్నమాట.

ఇప్పుడు చేసే పద్ధతి. టీ వడకట్టే జాలీ తడి లేకుండా తుడిచి, అందులో ఒక చెంచా మాచా (తలకొట్టి తీస్తే రెండు గ్రాములు) వేసి, చెంచా వెనక వైపుతో రుద్దుతూ గిన్నెలోకి జల్లించండి. ఇది మానేస్తే ఉండలు తప్పవు, పొడి అంత మెత్తగా ఉంటుంది. తర్వాత రాగి జావకి పిండి కలుపుకున్నట్టే. ముందు రెండు చెంచాల నీళ్ళు పోసి పేస్టులా చేసి, ఆ తర్వాతే మిగతా నీళ్ళు. నీళ్ళు మరుగుతున్నవి పనికిరావు, 75 నుంచి 80 డిగ్రీలుండాలి. థర్మామీటర్ అక్కర్లేదు. మరిగిన నీళ్ళని గ్లాసులోంచి గ్లాసులోకి రెండుసార్లు తిరగబోస్తే చాలు, పోసినప్పుడల్లా పది డిగ్రీల దాకా తగ్గుతుంది. కలపడానికి అక్కడ చాసెన్ అని వెదురు కుంచె వాడతారు. నారా దగ్గర తకయామా ఈ కుంచెలకి పేరున్న ఊరు. నేనొకటి తెచ్చుకున్నాను. దాన్ని కవ్వంలా గుండ్రంగా తిప్పకూడదు, గిన్నెలో ముందుకీ వెనక్కీ గబగబా ఆడించాలి, అప్పుడే నురగ వస్తుంది. అది లేకపోతే మూత గట్టిగా ఉన్న చిన్న సీసాలో పోసి ఊపండి. బ్యాటరీతో తిరిగే కాఫీ నురగ మిషనుంటే ఇంకా మంచిది.

పాలతో కావాలంటే, ఆ రెండు గ్రాములనీ 30 మి.లీ. నీళ్ళలో చిక్కగా కలిపి, అది వేడిగా ఉండగానే పంచదార కరిగించి, వేరే గిన్నెలో వేడి చేసిన 150 మి.లీ. పాలల్లో పోయండి. పాలు పొంగు రానివ్వకండి. మన ఎండలకి చల్లటిదే నయం. గ్లాసు నిండా ఐసు, సగం పైదాకా చల్లటి పాలు, పైనుంచి పచ్చటి మాచా నెమ్మదిగా. కలిపేలోపు తెలుపు మీద ఆకుపచ్చ పొర నిలబడుతుంది. మా పాప అది చూడ్డానికే అడుగుతుంది, తాగేది సగమే. యాలకులు, అల్లం, దాల్చినచెక్క జోలికి పోకండి, మాచా వాసన వాటి ముందు నిలవదు. నిమ్మరసం పిండితే రంగు చచ్చి నాచులా అవుతుంది. మజ్జిగలో వేసి చూశాను, ఆ సంగతి వదిలేద్దాం.

స్వీట్ల విషయంలో ఒకటే గుర్తు పెట్టుకోండి, మాచా తెల్లటివాటితో కలుస్తుంది. పాలు, మీగడ, వైట్ చాక్లెట్, కొబ్బరి, బియ్యప్పిండి. వేసవిలో జపాన్ వాళ్ళు ఉజి కింతోకి అని తింటారు. గోరిన ఐసు మీద చిక్కటి మాచా పాకం, పక్కన తియ్యగా ఉడికించిన ఎర్ర అజుకి గింజలు, షిరతమా అనే తెల్లటి ఉండలు. ఆ గింజల ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు మన పూర్ణం గుర్తొచ్చింది. షిరతమా అయితే అచ్చం ఉండ్రాళ్ళే, జిగురు బియ్యప్పిండి కాబట్టి కాస్త సాగుతాయి, అంతే తేడా.

ఇంట్లో నేను తరచూ చేసేది ఐస్‌క్రీమ్. 200 మి.లీ. విప్పింగ్ క్రీమ్ గిలక్కొట్టి, 150 గ్రాముల మిల్క్‌మెయిడ్‌లో మూడు చెంచాల మాచా జల్లించి కలిపి, రెండూ మెల్లగా కలిపేసి రాత్రంతా ఫ్రీజర్‌లో పెడతాను. మూడు చెంచాలు ఎక్కువనిపిస్తుంది కానీ చల్లదనంలో రుచి అణిగిపోతుంది, తగ్గిస్తే మిల్క్‌మెయిడ్ తిన్నట్టే ఉంటుంది. రెండోది కొబ్బరి లౌజు. రెండు కప్పుల కొబ్బరికోరు, కప్పు పంచదార ఎప్పటిలాగే దగ్గరపడేదాకా కలియబెట్టి దించెయ్యండి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే చెంచాన్నర మాచా జల్లించి కలిపి ఉండలు చుట్టండి. పొయ్యి మీద ఉండగా వేస్తే మళ్ళీ గోరింటాకే. కేక్ కూడా చేయొచ్చు కానీ నాకు దాని మీద పెద్ద మోజు లేదు, ఓవెన్‌లో పైపొర గోధుమరంగుకి తిరిగిపోతుంది. సగం కాలాక పైన ఫాయిల్ కప్పితే కొంత ఆగుతుంది.

వీటన్నిటికీ ఖరీదైన డబ్బా వాడకండి. మీ తమ్ముడు తెచ్చింది నీళ్ళలో కలుపుకునే మేలు రకమైతే పాలల్లో పోయడం దండగ, స్వీట్లకి చౌకరకం చాలు. పైగా అక్కడా దొరకడం కష్టమైంది. 2024 శరదృతువులో క్యోటోలోని ఇప్పోదో లాంటి పాత దుకాణాలే కొనే డబ్బాలకి పరిమితి పెట్టాయి. ఇక్కడ కొనేటప్పుడు వెనక లేబుల్ చదవండి. పదార్థాల్లో ముందు పంచదార ఉంటే అది మాచా కాదు, మాచా వాసన తగిలిన పంచదార.

మంచి రకాన్ని ఊరికే నీళ్ళతో తాగాలంటే ఒక కిటుకుంది. అక్కడ టీతో పాటు స్వీటు నంజుకోరు, ముందు స్వీటు తినేసి, ఆ తీపి నోట్లో ఉండగా పంచదార లేని మాచా తాగుతారు. మా అమ్మ వచ్చినప్పుడు తెచ్చిన ఆత్రేయపురం పూతరేకుని అలా ముందు తిని, పైన రెండు గుక్కలు తాగి చూశాను. నెయ్యీ బెల్లమూ ఉన్న నోటికి ఆ చేదు హాయిగా తగిలింది. "మందులాగే ఉంది కానీ బాగుందే" అని అమ్మ గ్లాసు ఖాళీ చేసింది.

సాయంత్రం ఐదు దాటాక మాత్రం వద్దు. ఆకు మొత్తం తాగుతున్నాం కాబట్టి కెఫీన్ తక్కువేం కాదు, నాకు రాత్రి రెండింటిదాకా కన్ను మూతపడదు. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళుంటే భోజనానికీ మాత్రకీ దూరంగా తాగమనండి, ఏ టీ అయినా ఐరన్ ఒంటబట్టనివ్వదు.

డబ్బా తెరిచి ఎన్నాళ్ళయిందో మీరు రాయలేదు. ఒక చిటికెడు తెల్ల కాగితం మీద వేలితో రాసి చూడండి. లేత గరిక రంగుంటే నీళ్ళతో తాగండి, గాలి చొరకుండా మూసి ఫ్రిజ్‌లో పెట్టి, నెలా రెండు నెలల్లో అవగొట్టండి. ఫ్రిజ్‌లోంచి తీయగానే మూత తెరవకండి, చెమ్మ పడుతుంది. పసుపు తిరిగి ఎండుగడ్డి వాసనొస్తుంటే ఐస్‌క్రీమ్ చేసెయ్యండి.