బందరు మీద రాయబోయే తమ్మునికి

తమ్మీ,

బందరు పోయి వ్యాసం రాస్తనని, ఏమేం చూడాలెనో చెప్పమని అడిగినవు. సముద్రాన్ని ఆఖర్ల పెట్టుకో. కొత్తగ రాసెటోళ్లు నేరుగ మంగినపూడికి పోయి అలల మీద మూడు పేరాలు రాస్తరు. అవి ఏ తీరానికైనా అతుకుతయి. అక్కడ రాయదగ్గది కాళ్ల కింది నల్లమట్టి.

పోయే ముందు మన చేనేత ఊరు పుట్టపాకల ఒక పూట గడుపు. తేలియా రుమాలుకు నూలును నూనెల, బూడిద నీళ్లల నానబెట్టి, చిటికి కట్టి (రంగు ఎక్కొద్దన్న కాడ దారంతోని బిగించి), రంగుల ముంచినంకనే నేస్తరు. బందరు పక్కన పెడనల నేసిన గుడ్డ మీద అచ్చులతోని కలంకారీ అద్దకం. ఈ తేడా కండ్లార చూసి పోతే నువ్వు అడిగే ప్రశ్నలే వేరే ఉంటయి.

నార్కట్‌పల్లిల విజయవాడ బస్సెక్కు, విజయవాడ నుంచి బందరు 70 కిలోమీటర్లు. మన 65వ నంబరు జాతీయ రహదారి ఆగేది బందరులనే. గోల్కొండ సరుకు ఓడరేవుకు పోయిన పాత తొవ్వ గూడ మన నల్లగొండ సీమ మీదికెల్లే ఉండె. వ్యాసం ఎత్తుకునేతందుకు ఇది చాలు.

అద్దకం పనికి ఎండ కావాలె. వానకాలం పోతే ఖాళీ బల్లలు చూసి వస్తవు, నవంబరు తుఫాన్ల నెల. జనవరి, ఫిబ్రవరి నయం. ఒక్క గుడ్డ పూర్తయ్యేదాక కూసుండలేవు గనుక, వేరే వేరే దశలల్ల ఉన్న గుడ్డల కాడ నిలబడి వరుస కలుపుకో. ముందుగాల గుడ్డను పేడనీళ్లల నానబెట్టి, ఉతికి, ఎండేస్తరు. తర్వాత కరక్కాయ, బర్రెపాలు కలిపిన నీళ్లల ముంచుతరు. పాలెందుకని తప్పక అడుగు: పాలల్ల కొవ్వు ఉంటేనే అచ్చేసిన రంగు పక్కకు పాకదు. నలుపుకు తుప్పు ఇనుము, బెల్లం వేసి పులియబెట్టిన నీళ్లు. గుడ్డల ఉన్న కరక్కాయ తగలంగనే నల్లబడతది. ఎరుపుకు అద్దేది పటిక. పటికకు తన రంగంటూ లేదు, అచ్చు ఎక్కడ పడ్డదో కనబడెతందుకు ఇంత రంగు కలుపుతరు. ఇగ ఆ గుడ్డను పారే నీళ్లల్లనే జాడియ్యాలె. నిలువ నీళ్లల్ల అయితే ఊడిన ఇనుము, పటిక తెల్ల జాగల మీద కూసుండి మరకలు పడతయి. ఆఖరికి ఎరుపు రంగు వేసిన బానల గుడ్డ ఉడుకుతుంటే పటిక పడ్డ కాడనే ఎరుపు తేలుతది. నీ వ్యాసానికి గుండెకాయ ఆ బాన. అక్కడ నిలబడి, చూసింది చూసినట్టు రాయి. ‘ప్రకృతి రంగుల హరివిల్లు’ అని రాసుకుంటే ఆ కాయితం చింపెయ్యి.

అన్నీ చెట్ల రంగులే అని మాత్రం రాయకు. ఎరుపుకు అలిజరిన్ అనే ఫ్యాక్టరీ రంగు వాడకం ఎప్పటికెల్లో ఉన్నది. ఏది వాడుతున్నరో అడిగి రాయి. కలంతోని గీసేది శ్రీకాళహస్తిల, పెడనల టేకు అచ్చులు, రెండూ కలిపెయ్యకు. దుకాణాలల్ల స్క్రీన్ ప్రింటు గూడ కలంకారీ పేరు మీదనే అమ్ముడుపోతది. అచ్చు పక్కన అచ్చు కలిసే కాడ చూడు: చేతి పనిల ఒక్కోకాడ ఒక్కోతీరు వెంట్రుకంత తేడా ఉంటది, స్క్రీన్ల అదే తప్పు అదే కొలతల మళ్ల మళ్ల వస్తది.

ఫోటో తీసే ముందు అడుగు, డిజైన్లు నకలైతయని వాళ్ల భయం. కూలి మీటరు లెక్కనా, దినం లెక్కనా, ఒక చీరకు ఎన్ని అచ్చులు పడతయి అని గూడ అడుగు. పని నడుస్తుంటే కాదు, అన్నాల యాళ్ల.

బందరుల చరిత్ర బాగనే ఉన్నది. ఇంగ్లీషోళ్లు 1611ల వ్యాపారపు కోఠీ పెట్టింది ముఖ్యంగ ఈ గుడ్డ కోసమే, డచ్చోళ్ల చెక్కుడు సమాధులు ఇంకా ఉన్నయి. 1864 ఉప్పెనల దగ్గర దగ్గర ముప్పై వేల మంది పోయిండ్రు. 1910ల పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలల అడివి బాపిరాజు బొమ్మలు నేర్చిండు. ఇవన్నీ ఒక్క పేరాల కుక్కకు. గుడ్డతోని సంబంధం ఉన్నదే ఉంచు. కూచిపూడి దగ్గరనే గని, అది వేరే వ్యాసం.

రాసినంక నాకు పంపే ముందు, దశల వరుసను పెడనల పని చూపెట్టిన ఆయనకు ఫోన్ల చదివి వినిపియ్యి. నేను పట్టలేని తప్పు ఆయన పడతడు.

మీ అన్న