ఆల్చిప్పలకు నెలలు చూసే ముందు కాలేయాన్ని చూపించుకోండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. వయసు 52. షుగర్ ఉంది, మద్యం అలవాటు ఉంది. మూడు వారాల కిందట కాకినాడలో బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు ఉప్పుటేరు రాళ్లకు పట్టిన ఆల్చిప్పలు ఏరుకొని, నిమ్మరసం పిండి పచ్చిగా తిన్నాను. విరేచనాలైతే మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలతో తగ్గాయి. ఇప్పుడు ఆకలి లేదు, నీరసంగా ఉంది. ఇవి ఏ నెలల్లో తింటే మంచిది?

డాక్టర్ సలహా: నెలల సంగతి తరువాత చెబుతాను. తిన్న మూడు వారాలకు ఆకలి మందగించడమే నాకు ఆందోళన కలిగిస్తోంది. ఆల్చిప్ప తన చుట్టూ ఉన్న నీటిని వడకట్టుకుంటూ బతుకుతుంది కనుక, మురుగు కలిసిన చోట కాలేయానికి సోకే హెపటైటిస్-ఎ వైరస్ దానిలో పోగుపడుతుంది. పచ్చిగా తిన్నవారికి రెండు నుంచి ఏడు వారాల్లోపు కామెర్లు బయటపడవచ్చు. 1988లో షాంఘైలో సరిగా ఉడకని గుల్లల వల్ల సుమారు 3 లక్షల మందికి ఈ జబ్బు సోకింది. మన దగ్గర చాలామందికి చిన్నతనంలోనే ఈ వైరస్ సోకి రక్షణ ఏర్పడి ఉంటుంది. పైగా షుగర్ అదుపు తప్పినా, మద్యంతో కాలేయం దెబ్బతిన్నా ఇవే లక్షణాలు ఉంటాయి కనుక, మిమ్మల్ని పరీక్షించకుండా ఫలానా జబ్బని నేను చెప్పలేను. ఆలస్యం చేయకుండా ఏరియా ఆసుపత్రిలో కాలేయ పనితీరు, హెపటైటిస్, షుగర్ పరీక్షలు చేయించుకోండి.

కళ్లు పచ్చబడితే పసరు మందుకు మాత్రం వెళ్లకండి. పసరు తాగి, పథ్యం ఉండి, పది రోజులు పోగొట్టుకొని, స్పృహ తప్పే దశలో ఆసుపత్రికి వచ్చినవారిని నల్లగొండలో చాలామందిని చూశాను. పేరైనా తెలియని మాత్రలు మింగడమూ అంతే తప్పు. జ్వరం, రక్త విరేచనాలు ఉన్నప్పుడు పేగుల కదలికను ఆపే మాత్రలు హాని చేయవచ్చు.

ఇక మీ ప్రశ్న. వేసవి నెలల్లో తినకూడదనే నియమం చలిదేశాలది. మన తీరంలో ఏడాది పొడవునా నీరు వెచ్చగానే ఉంటుంది. విబ్రియో బ్యాక్టీరియాకు అదే అనుకూలం. కాలేయ జబ్బు, షుగర్ ఉన్నవారిలో అది రక్తంలోకి చేరి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయవచ్చు. చిప్ప గీసుకున్న గాయం ద్వారా కూడా సోకుతుంది కనుక, గాయం వాచి బొబ్బలెక్కితే వెంటనే ఆసుపత్రికి చేరాలి. నిమ్మరసం, కారం, మద్యం దానిని చంపలేవు. చిప్పలు తెరుచుకున్నాక మరో ఐదు నిమిషాలైనా ఉడికించాలి, తెరుచుకోనివి పారేయాలి. అయితే కంటికి కనిపించని సముద్రపు నాచు నుంచి గుల్లల్లోకి చేరే విషం ఉడికించినా పోదు. 1997లో కేరళలోని విళింజంలో ఆ విషం చేరిన గుల్లలు తిని ఏడుగురు మరణించారు. అందువల్ల స్వయంగా ఏరిన ఆల్చిప్పలను మీరు ఏ నెలలోనూ తినకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. ఎప్పుడు తిన్నారో, రోజుకు ఎంత తాగుతారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. మీతోపాటు తిన్నవారినీ తీసుకెళ్లండి.