మందకు తెచ్చుకున్న కుక్క ఒకటే ఆడుతోంది, ఇది కావలి కాస్తుందా? – మా చుక్కి సంగతి

ఆ కుక్కను అమ్మకండి అన్నా. ఎవరికీ ఇచ్చేయకండి కూడా. గొర్లకు కావలి కోసం తెచ్చిన కుక్కపిల్ల ఎనిమిది నెలలొచ్చినా పొద్దున పని చేసుకోనివ్వడం లేదు, తట్ట గుంజుకుపోతోంది, చీపురు నోట పట్టి ఉరుకుతోంది, గొర్రెపిల్లల వెంట పడుతోంది, దీన్ని ఉంచుకోవాలా వద్దా అని కదా మీరు అడిగింది. ఉంచుకోండి. కావలి కుక్కకు బుద్ధి కుదురుకోవడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. ఒళ్లు పెరిగింది కాబట్టి పెద్ద కుక్కలా కనిపిస్తుంది గానీ మీది ఇంకా పసిదే.

మాది జహీరాబాద్ పక్కన, కోహీర్ వైపు. అక్కడి చలి గురించి వార్తల్లో చూసే ఉంటారు. దక్కనీ గొర్లు, కొన్ని మేకలు ఉన్నాయి మాకు. చుక్కి మా ఊరి కురుమల మందలోనే పుట్టిన ఆడకుక్క. నల్లటి ఒళ్లు, నుదుటి మీద తెల్ల మచ్చ. దాని తల్లి కూడా మంద కుక్కే. కళ్లు తెరిచినప్పటి నుంచి గొర్ల వాసనలోనే పెరిగింది. రెండు మూడు నెలల వయసులో పిల్ల ఎవరి మధ్య పెరిగితే వాళ్లనే తనవాళ్లు అనుకుంటుంది, ఆ వయసు దాటాక తెచ్చి మందలో వదిలితే చాలా కష్టపడాలి. మీరు చిన్నప్పుడే తెచ్చి దొడ్డిలో పెంచానని రాశారు, అది చాలా మంచి పని.

ఇప్పుడు ఈ చలికాలం పొద్దుల గురించి చెప్తాను, ఎందుకంటే మీ ఇబ్బంది అంతా అక్కడే ఉంది. ఎండాకాలం లాగా ఇప్పుడు తెల్లారగానే మందను తోలం. గడ్డి మీద మంచు ఆరాలి. తడిగా ఉన్న గడ్డి కొసలకు కడుపు పురుగుల పిల్లలు పాకి ఉంటాయి, అది మేసిన గొర్రె రానురాను చిక్కిపోతుంది. అందుకని ఎండెక్కే దాకా మంద దొడ్డిలోనే. మనకేమో అప్పుడే చేతినిండా పని. పెంటికలు ఊడవాలి, తడి ఉన్నచోట బూడిద చల్లాలి, కంది పొట్టు పోయాలి, రాత్రి ఈనినవాటిని చూడాలి, తల్లి దగ్గరికి రానివ్వని పిల్లకు సీసాతో పాలు పట్టాలి. కుక్కకు మాత్రం చేయడానికి ఏమీ ఉండదు. రాత్రంతా చీకట్లో ఒక్కతే తిరిగిన కుక్కకు మనుషులు కనబడగానే ఎంత సంతోషమో.

నేను చీపురు అందుకోగానే చుక్కి ఎదురుగా వచ్చి ముందుకాళ్లు నేలకు పరుస్తుంది, నడుము పైకెత్తి తోక ఊపుతుంది. ఆడదాం రమ్మని పిలుపు అది. పలకకపోతే నా భుజం మీది గొంగడి కొస పట్టి గుంజుతుంది. కంది పొట్టు కుప్ప పోస్తే అందులోకి దూకి, మెడ దాకా దూరి, తుమ్ముకుంటూ బయటికొస్తుంది. మీసాలకు, చెవుల వెంట్రుకలకు కంది తొక్కలు అతుక్కుని ఉంటాయి, విదిలించుకుంటే పక్కనున్న గొర్రె మొహాన పడతాయి, ఆ గొర్రె నెమ్మదిగా చుక్కి మీదివి కూడా ఏరుకుని తింటుంది. చలికి దుప్పటి తీయని మా పిల్లలు ఇది చూడటానికే లేచి వస్తారు. వచ్చాక ఊరికే ఉండరు, ఒకరు తొట్టి కడుగుతారు, ఒకరు పాలసీసా పట్టుకుంటారు. మా నాయన మంట దగ్గర కూర్చుని జొన్న రొట్టె తింటూ చివరి ముక్క దానికోసం పక్కన పెడతాడు. మా ఇంట్లో చలికాలం పని మునుపటిలా బరువనిపించడం లేదంటే ఆ కుక్క వల్లే.

కాబట్టి మనిషితో ఆడితే ఆడనివ్వండి. మీరు కన్ను వేయాల్సింది అది గొర్లతో ఎట్లా ఉంటుందన్న దాని మీద. తల దించుకుని, మెల్లగా, పక్కచూపుతో గొర్ల మధ్యలోకి వెళ్లి పడుకుంటోందా, పిల్లల మూతి నాకుతోందా? అయితే రంది పెట్టుకోకండి. ఉరికే పిల్లను తరమడం, చెవి కొరకడం, ఉన్ని పట్టి లాగడం చేస్తుంటే మాత్రం ఆ రోజే ఆపాలి. తరిమితే ఉరుకుతుందని ఒకసారి రుచి తెలిసిందంటే ఆ ఆట వేటగా మారుతుంది.

ఆపడమంటే కొట్టడం కాదు. ఇప్పుడే పుట్టిన పిల్లల దగ్గర నుంచి తీసి, పెద్ద గొర్లు, పొట్టేళ్ల మధ్య వదలండి. అవి ఆటలు సాగనివ్వవు. మా దగ్గర ఒక ముసలి గొర్రె ఉంది, చుక్కి దాని పిల్ల చెవి పట్టగానే నేల గీరి ఒక్క కుమ్ము కుమ్మింది. చుక్కి లేచి నా కాళ్ల వెనక్కి వచ్చి నిలబడ్డది. ఆ తర్వాత ఆ గొర్రె దగ్గరికి పోవాలంటే చుట్టూ తిరిగి, పొట్ట నేలకు ఆనించుకుంటూ పోయేది. మనం వంద అరుపులు అరిచినా రాని మర్యాద అట్లా వస్తుంది. అయినా తరమడం మానకపోతే, చేలో పడే ఆవుకు గుదికర్ర కడతాం చూడండి, అట్లాంటిదే తేలికైన కట్టెముక్క మెడపట్టీకి వేలాడదీయండి. నడిస్తే ఏం కాదు, ఉరికితే ముందుకాళ్లకు తగులుతుంది. మీ కళ్ల ముందున్నప్పుడే కట్టండి, రాత్రి తీసేయండి. కంపకు చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది, పైగా అది అడ్డమైతే కాపలా కాయలేదు.

ఇంకొకటి, పొద్దున చీపురు పట్టకముందే దాన్ని వెంటేసుకుని దడి చుట్టూ తిరగండి. కంప ఎక్కడ జరిగింది, సందు ఎక్కడ పడ్డది మీరు చూసుకోండి, దాన్ని వాసనలు చూడనివ్వండి, ఎక్కడ ఒంటేలు పోస్తే అక్కడ ఆగండి. హద్దు అలవాటవుతుంది, ఒంట్లో ఉరుకులాట కొంత తీరుతుంది.

ఆట బుద్ధి ఉన్న కుక్క రాత్రి ఏం అడ్డుకుంటుందిలే అని మీరు రాశారు. అడ్డుకుంటుంది. అమెరికాలో మసాచుసెట్స్‌లోని హాంప్‌షైర్ కాలేజీ నుంచి రేమండ్ కాపింజర్, లోర్నా కాపింజర్ దంపతులు 1970ల చివరి నుంచి ఏళ్ల తరబడి కావలి కుక్కలను రైతుల మందల్లో పెట్టి గమనించారు. వాళ్లు చూసింది ఏంటంటే, ఈ కుక్కలు వచ్చిన జంతువును చంపి మందను కాపాడేది తక్కువ. మొరుగుతూ ఎదురెళ్తాయి, ఒక్కోసారి తోక ఊపుతూ, ఆటకు పిలుస్తున్నట్టు కూడా పోతాయి. వేట మీద ధ్యాస చెదిరితే చాలు, వచ్చినది వెనక్కి మళ్లుతుంది. మా దగ్గర నేను చూసిందీ అదే. శనగ చేను దిక్కు నక్కలు కూసినా, ఊరవతలి కుక్కల గుంపు దగ్గరికొచ్చినా, పొద్దున గొంగడి గుంజిన ఈ చుక్కే దడికీ మందకూ నడుమ నిలబడి గొంతు మార్చి మొరుగుతుంది. ఆ గొంతు పగలు ఎన్నడూ వినబడదు. నేను టార్చి వేసుకుని వెళ్లేసరికి అవి ఉండవు. హిమాచల్‌లో గద్దీలనే గొర్ల కాపరులు చిరుతల భయానికి కుక్క మెడకు ముళ్ల ఇనుప పట్టీ కడతారు. మనకు ఆ అవసరం లేదు గానీ, గుంపు పెద్దదైతే కుక్కను ఒంటరిగా వదలకండి, లేచి వెళ్లండి. రెండో కుక్క ఉంటే ఇంకా మేలు.

చలిలో దానికి తిండి కొంచెం పెంచండి. పడుకోవడానికి దొడ్డి లోపలే పాత గొంగడో, పొట్టో వేయండి. ఇంటి అరుగు మీద పడుకోవడం అలవాటు చేస్తే అది ఇంటికి కావలి అవుతుంది, మందకు కాదు.

గొర్రె ఈనేటప్పుడు కుక్కను దూరంగా ఉంచి, మాయ పడగానే లోతుగా పాతిపెట్టండి. గొర్రె కోసినప్పుడు తలకాయ, పేగులు, కార్జం పచ్చివి దానికి వేయకండి. వాటి నుంచి కుక్క కడుపులో బద్దె పురుగులు పెరుగుతాయి, కుక్క మలంతో గడ్డి మీదికి గుడ్లు చేరి, అది మేసిన గొర్రె మెదడులో నీటి బుగ్గ తయారవుతుంది. ఒకే పక్కకు గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయే గొర్లను మీరు చూసే ఉంటారు, ఆ జబ్బు అట్లా వచ్చేదే. ఇంకో రకం బద్దె పురుగు మనుషుల కార్జానికి, ఊపిరితిత్తులకూ వస్తుంది. పశువుల డాక్టరును అడిగి మూడు నెలలకోసారి కుక్కకు పురుగుల మందు వేయండి, రేబిస్ టీకా వేయించకపోతే ఈ వారమే వేయించి ఆపైన ఏటా వేయించండి. మీ పిల్లలు కూడా దాంతో ఆడుతున్నారని రాశారు, దొడ్డి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి.