ప్రశ్న వేశాక కాస్త ఆగండి టీచర్ గారూ

ప్రశ్న: నమస్తే అండి. ఇండియాలో కొన్నేళ్లు హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పాను, ఇప్పుడు టెక్సాస్‌లో ఒక క్లాసికల్ స్కూల్లో (పాత గొప్ప పుస్తకాలు, లాటిన్ లాంటివి నేర్పే బడి) ఆరో క్లాసు టీచర్ని. ఇక్కడ పాఠం చెప్పడం కాదు సెమినార్ చెయ్యాలి అంటారు, పిల్లలు గుండ్రంగా కూర్చుని చదివిన కథ గురించి మాట్లాడుకోవాలి, నేను ప్రశ్నలే అడగాలి. అడుగుతాను, ఒక్కళ్లూ నోరు విప్పరు, చివరికి జవాబు నేనే చెప్పేస్తా. సమ్మర్లో ట్రైనింగ్ ఇచ్చారు కానీ క్లాసులోకి వచ్చాక అదేం పనికి రావట్లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: టీచర్ గారూ, ముందు ఒకటి చూసుకోండి, ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారు? మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో అమెరికా స్కూళ్లలో సైన్స్ క్లాసులు రికార్డ్ చేసి చూస్తే టీచర్లు ఆగేది సగటున 1 సెకనే అని తేలింది. 3 సెకన్లు ఆగిన క్లాసుల్లో జవాబులు పెద్దవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. 3 సెకన్లేగా అనిపిస్తుంది గానీ అంతమంది పిల్లలు మీ మొహమే చూస్తుంటే అది చాలా ఎక్కువసేపు, అందుకే ప్రాక్టీస్ కావాలి.

రెండోది మీ ప్రశ్న. సెమినార్ అనగానే అందరూ ప్రశ్నలతోనే బోధించిన పాతకాలపు గ్రీకు తత్వవేత్త సోక్రటీస్ పేరు చెప్తారు కదా, ఆయన శిష్యుడు ప్లేటో రాసిన మెనో అనే సంభాషణలో సోక్రటీస్ చదువు లేని ఒక పనిపిల్లాడి చేత లెక్క చేయిస్తాడు. భుజం 2 అడుగులున్న చతురస్రం వైశాల్యం 4, దానికి రెట్టింపు 8 రావాలంటే భుజం ఎంతుండాలి? పిల్లాడు భుజాన్నే రెట్టింపు చేసి 4 అంటాడు, గీసి చూస్తే 16 వస్తుంది. పోనీ 3 అంటాడు, 9 వస్తుంది. అప్పుడు నాకు తెలీదు అని ఒప్పుకుంటాడు, అక్కణ్ణుంచి నెమ్మదిగా చతురస్రం కర్ణం మీద కొత్త చతురస్రం గియ్యడం దాకా వెళ్తారు, అది సరిగ్గా 8. ఇందులో నాకు నచ్చేది ఏంటంటే తప్పు జవాబుని కొట్టిపారెయ్యకుండా గీసి లెక్కపెట్టి వాడే చూసుకునేలా చేశాడు. నచ్చనిది కూడా ఉంది, చాలా ప్రశ్నలకి పిల్లాడు అవును, కాదు అంటే సరిపోతుంది, మనం క్లాసులో అలా అడిగితే అది సెమినార్ కాదు, మన పాఠమే ప్రశ్నల రూపంలో చెప్పినట్టు.

కాబట్టి జవాబు మీ దగ్గర రెడీగా లేని ప్రశ్న ఒక్కటి పట్టుకెళ్లండి. హోమర్ రాసిన గ్రీకు కావ్యం ఒడిస్సీ చదువుతున్నారనుకోండి, అందులో హీరో ఒడిసియస్‌ని గుహలో బంధించిన ఒంటికన్ను రాక్షసుడు సైక్లోప్స్ ఎవరు అని అడిగితే ఒకడు చెప్తాడు, అయిపోతుంది. గుహలోంచి తప్పించుకుని హాయిగా ఓడెక్కేసిన ఒడిసియస్ తన అసలు పేరు ఎందుకు అరిచి మరీ చెప్పాడు, ఆ పేరు పట్టుకునేగా సైక్లోప్స్ వాళ్ల నాన్న, సముద్ర దేవుడు పొసైడన్‌కి మొరపెట్టుకుంది, అని అడగండి. గర్వం అని ఒకరు, కోపం అని ఒకరు అంటారు, అప్పుడు మీరు అనాల్సింది ఒకటే, పుస్తకంలో ఎక్కడుంది చదివి చూపించు.

ట్రైనింగ్ సంగతికొస్తే, స్లైడ్లు చూస్తే ఇది రాదండి. అమెరికాలోనే అనాపొలిస్‌ అనే ఊళ్లో సెయింట్ జాన్స్ కాలేజీ ఉంది, 1937 నుంచి గొప్ప పుస్తకాల మీదే చదువు, అక్కడ సెమినార్‌కి మామూలుగా ఇద్దరు టీచర్లు కూర్చుంటారు. మీరూ పక్క క్లాసు టీచర్ని ఒక పీరియడ్ వచ్చి కూర్చోమనండి, మార్కులేం వెయ్యక్కర్లేదు, ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో ఒక కాగితం మీద గీతలు పెడితే చాలు. మీ పేరు కిందే ఎక్కువ గీతలుంటే ఎక్కడ తగ్గాలో మీకే కనిపిస్తుంది. పిల్లలకి ఇచ్చే కథే ముందు టీచర్లంతా కూర్చుని అలాగే చర్చించుకుంటే ఇంకా మంచిది, నా దృష్టిలో అసలు ట్రైనింగ్ అదే.

ప్రశ్న: మా పాప స్కూల్లో మూడో క్లాసుకే లాటిన్, రోజూ అమో అమాస్ అమాత్ (ప్రేమిస్తాను, ప్రేమిస్తావు, ప్రేమిస్తాడు) అని పాడుతుంది. బట్టీ చదువులు వద్దనుకునే కదా ఇంత దూరం వచ్చాం?

జవాబు: బట్టీ పట్టి వదిలేస్తే మీ భయం నిజమే. కానీ ఆ వయసు పిల్లలకి వల్లె వెయ్యడం ఇష్టం, 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీష్ రచయిత్రి డొరొతీ సేయర్స్ ఇచ్చిన ప్రసంగంలో ముఖ్యమైన మాటల్లో ఇదొకటి, ఇప్పటి క్లాసికల్ స్కూళ్లు చాలా వరకు ఆ ప్రసంగాన్నే పట్టుకున్నాయి. మన ఇళ్లల్లో రామః రామౌ రామాః కూడా ఇలాగే నేర్పేవాళ్లు. ఒకటో శతాబ్దంలో రోమ్‌లో పాఠాలు చెప్పిన క్వింటిలియన్ అయితే చిన్నపిల్లల్లో తెలివికి ముఖ్యమైన గుర్తు జ్ఞాపకశక్తే అన్నాడు, పిల్లల్ని కొట్టొద్దని కూడా ఆయనే గట్టిగా చెప్పాడు.

మీరు చెయ్యాల్సింది నేర్చుకున్నదాన్ని వాడించడం. పుఎల్లా రోసమ్ అమాత్, అమ్మాయికి గులాబీ అంటే ఇష్టం. రోసమ్ పుఎల్లా అమాత్ అని తిప్పినా అర్థం మారదు, ఎందుకో పాపనే అడగండి. తెలుగులో సీత రాముణ్ణి పిలిచింది, రాముణ్ణి సీత పిలిచింది, రెండూ ఒకటే కదా, చివర ఉన్న ణ్ణి చేసే పని అక్కడ మ్ చేస్తోంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకి ఇది త్వరగా ఎక్కుతుంది, అందుకని పాపతో తెలుగు మాత్రం మానెయ్యకండి.