స్టీవ్ ఇర్విన్ పోయినప్పుడు నేను బ్రిస్బేన్‌లో అంట్లు తోముతున్నాను

ప్రశ్న: ఒక్కసారి కూడా ఎదురుగా చూడని టీవీ మనిషి చనిపోతే జనం నిజంగా ఏడుస్తారా, లేక అదంతా కెమెరాల కోసమేనా? 2006లో స్టీవ్ ఇర్విన్ చనిపోయినప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా చెప్పగలరా?

ఉన్నాను కాబట్టి చెబుతాను. నిజంగానే ఏడ్చారు. కాకపోతే ఆయన బతికున్నన్నాళ్లూ ఆయన్ని చూసి చాలామంది ఆస్ట్రేలియన్లు కాస్త సిగ్గుపడేవారు. ఆ సిగ్గు సంగతి చెప్పకుండా ఏడుపు సంగతి ఒక్కటే చెబితే మీకు సగమే తెలుస్తుంది.

అప్పటికి నేను బ్రిస్బేన్ వచ్చి ఏడాది కూడా కాలేదు. మాస్టర్స్ చదువుతూ ఒక రెస్టారెంట్ వంటగదిలో అంట్లు తోమేవాణ్ణి, ఉల్లిపాయలు తరిగేవాణ్ణి. అప్పట్లో స్టూడెంట్ వీసా మీద, క్లాసులు జరిగే రోజుల్లో, వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదనేవారు. మా షెఫ్ నలభై దాటిన మనిషి, క్వీన్స్‌లాండ్‌లోనే పుట్టి పెరిగాడు. చేరిన కొత్తలో ఒకరోజు, "మీ ఇండియాలో మా గురించి ఏం తెలుసు?" అని అడిగాడు. క్రికెట్ అన్నాను. ఇంకా? మొసళ్లాయన అన్నాను. తల పట్టుకున్నాడు.

అప్పుడు నాకది వింతగా అనిపించింది. మా ఇంట్లో కేబుల్‌లో ఇర్విన్ ప్రోగ్రాం ది క్రొకడైల్ హంటర్ వస్తే చాలు, మాటలు అర్థమైనా కాకపోయినా అందరం కూర్చునేవాళ్లం. ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కా, పాము తోక పట్టుకుని కెమెరా వైపు తిరిగి కళ్లు ఇంతింత చేసుకుని మాట్లాడటం. మాకు ఆస్ట్రేలియా అంటే అదే. వాళ్లకు వచ్చిన చిక్కూ అదే. సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో ఆఫీసులకు వెళ్లే మనిషికి, అమెరికా వాళ్లు తననీ ఆ అరుపుల మనిషినీ ఒకే గాటన కట్టేస్తుంటే ఎలా ఉంటుంది? దానికి తోడు 2004 జనవరిలో ఆయన నెల వయసున్న కొడుకుని ఒక చంకలో పెట్టుకుని రెండో చేత్తో మొసలికి కోడిమాంసం అందించాడు. అది టీవీల్లో వచ్చి పెద్ద గొడవైంది. కేసులేవీ పెట్టలేదు గానీ, మా షెఫ్ లాంటివాళ్లకు అదొక్కటి చాలు.

అందుకే మా వంటగదిలో ఒక జోకు నడిచేది. ఫ్రీజర్‌లోంచి కోళ్లు తీసినప్పుడల్లా షెఫ్ వాటిలో ఒకదాని మీదకు దూకి, దాని కాళ్లు పట్టుకుని, "క్రైకీ! ఎంత అందంగా ఉందో చూడండి!" అని ఆ గొంతుతోనే అరిచేవాడు. క్రైకీ అంటే అబ్బో లాంటి మాట, ఇర్విన్ ఊతపదం. అందరం పడీపడీ నవ్వేవాళ్లం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వేవాణ్ణి. కొత్త దేశంలో నాకు మొదట అర్థమైన జోకు అది.

2006 సెప్టెంబర్ 4, సోమవారం. పోర్ట్ డగ్లస్ దగ్గర బ్యాట్ రీఫ్ అనే చోట సముద్రంలోని ప్రమాదకరమైన జీవుల మీద డాక్యుమెంటరీ తీస్తున్నారు. వాతావరణం బాగోక అసలు షూటింగ్ ఆగింది. ఇర్విన్ ఖాళీగా కూర్చోలేని మనిషి కదా, కూతురి పిల్లల ప్రోగ్రాంకి పనికొస్తుందని లోతు తక్కువ నీళ్లలోకి దిగి ఒక పెద్ద స్టింగ్‌రేతో పాటు ఈదాడు. అది తోక విసిరింది. తోక ముల్లు ఛాతీలో గుండె దాకా దిగింది. ఆయనకు 44 ఏళ్లు. ఆ ఫుటేజీని బయటికి రానివ్వలేదు, తర్వాత ధ్వంసం చేశారు. ఇలాంటివి అందరూ నెట్‌లో వెతికి చూసే రోజులు అప్పుడే మొదలయ్యాయి కాబట్టి, అది చాలా మంచి పని అనుకుంటాను.

సాయంత్రం షిఫ్టుకు వెళ్లేసరికి రేడియోలో అదే వార్త. ఎవరూ ఏమీ అనడం లేదు. షెఫ్ ఫ్రీజర్ తెరిచి కోళ్లు తీశాడు. బల్ల మీద పెట్టాడు. కత్తి అందుకుని కొయ్యడం మొదలుపెట్టాడు. ఆ రాత్రి నాకు ఆయన ముఖం కంటే ఆ కోళ్లే ఎక్కువ గుర్తున్నాయి.

షిఫ్టు అయ్యాక ఫోన్ కార్డు గీకి ఇంటికి చేశాను. మాది కాకినాడ పక్కన ఉప్పాడ. స్టింగ్‌రే అంటే మా ఒడ్డున టేకు చేప. మా మావయ్య వాళ్ల వలలో ఎన్ని పడలేదు! అందుకే అమ్మ మొదట నమ్మలేదు.

"అదేంట్రా, టేకు ముల్లు గుచ్చుకుంటే మనిషి పోతాడా? మీ మావయ్యకి ఎన్నిసార్లు గుచ్చుకోలేదూ. కాలు వేడినీళ్లలో పెట్టుకుని రాత్రంతా అరిచేవాడు, తెల్లారి మళ్లీ ఏటకెళ్లిపోయేవాడు."

"కాలికి కాదమ్మా. గుండెల్లో దిగింది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పిల్లలున్నారా?" అంది.

"ఇద్దరు. పాపకి ఎనిమిదేళ్లు. బాబుకి మూడు కూడా నిండలేదు."

"ఆవిడ దగ్గరే ఉందా?"

"లేదంట. పిల్లల్ని తీసుకుని టాస్మేనియా వెళ్లిందంట. అక్కడికి కబురెళ్లింది."

"అయ్యో" అంది. ఇక ఒక్క నిమిషమే మిగిలిందని కార్డులో ఆడగొంతు చెప్పింది.

అమ్మ అడిగిన ఆ రెండు ప్రశ్నలే ఆ వారమంతా ఆస్ట్రేలియాలో కూడా అందరూ అడిగారు. బస్సులో, క్లాసులో, ఎక్కడ చూసినా "ఆ పాప..." అనే. మొసళ్ల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

ఆదివారం, అంటే 10వ తేదీన, షెఫ్ తన కూతురితో ఆస్ట్రేలియా జూకి వెళ్తూ నన్నూ రమ్మన్నాడు. ఆ పిల్లకీ ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. సొంతంగా మొసలి బొమ్మేసి కార్డు తయారుచేసుకుంది. జూ బీర్వా అనే చిన్న ఊరి దగ్గర ఉంటుంది, బ్రిస్బేన్ నుంచి ఉత్తరంగా కారులో గంట పైన. ముందురోజే కుటుంబం వరకే అంత్యక్రియలు చేసి, జూ లోపలే పూడ్చిపెట్టారు. సమాధి దగ్గరికి బయటివాళ్లను రానివ్వరు. ఇప్పటికీ అంతే, జూకి వెళ్లే మనవాళ్లు దాని కోసం వెతక్కండి.

గేటు ముందు పూల గుట్టలు. ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా పెట్టిన పూలు. మనం దండ వేస్తాం, వాళ్లు పొట్లం పెడతారు. మొసలి బొమ్మలు, పిల్లలు రాసిన ఉత్తరాలు, కొవ్వొత్తులు. వాటి మధ్య ఖాకీ చొక్కాలు. జనం తెచ్చి తగిలించిన చొక్కాల మీద, వచ్చినవాళ్లు వచ్చినట్టు మార్కర్లతో రాసి సంతకాలు పెడుతున్నారు. మన దగ్గర ఎవరైనా పోతే ఇంట్లోకి వెళ్లి, ఆ ఇంటివాళ్ల పక్కన కూర్చుని, ఎలా జరిగిందో ఒకటికి నాలుగుసార్లు చెప్పించుకుని వస్తాం. అక్కడ కూర్చోడానికి ఇల్లు లేదు. పలకరించడానికి మనిషి లేడు. అందుకే చొక్కాతో మాట్లాడుతున్నారు అనిపించింది.

కెమెరాల సంగతి అడిగారు కదా. ఉన్నాయి. టీవీ వ్యాన్లు వరసగా ఆగి ఉన్నాయి. వాళ్లకు కావలసింది ఏడుస్తున్న పిల్లలు. కార్డు పట్టుకుని నిలబడ్డ మా షెఫ్ కూతురి దగ్గరికి ఒకావిడ మైకుతో వచ్చింది. షెఫ్ తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఇంకో పిల్ల దగ్గరికి వెళ్లింది, ఆ పిల్ల తల్లి ఒప్పుకుంది. ఆ పిల్ల ఏడుపు దొంగ ఏడుపని నేననను. కెమెరా రాకముందు నుంచే ఏడుస్తోంది.

షెఫ్ ఒక చొక్కా చెయ్యి మీద ఏదో రాశాడు. పక్కకు జరిగాక చూశాను. "సారీ, మేట్." పేరు కూడా పెట్టలేదు. మార్కర్ నాకిచ్చాడు. నాకేం రాయాలో తెలియలేదు. చివరికి తెలుగులో "ఉప్పాడ" అని రాసి ఇచ్చేశాను. ఏమని రాశావని పాప అడిగితే, మా ఊరు, అక్కడ కూడా ఈ చేపలు ఉంటాయి అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని దారిపొడవునా అనుకున్నాను.

చేపల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆ తర్వాత రెండు రోజులకే క్వీన్స్‌లాండ్ బీచుల్లో చచ్చిన స్టింగ్‌రేలు దొరికాయని వార్త. కనీసం పది. కొన్నింటికి తోకలు లేవు. ఇర్విన్ అభిమానులు పగ తీర్చుకుంటున్నారని ఊరంతా అదే మాట. ఆయన స్థాపించిన వైల్డ్‌లైఫ్ వారియర్స్ వాళ్లు బయటికొచ్చి, ఇది ఆయనకు నచ్చే పని కాదు, ఆపండి అని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నాకు మాత్రం తోకల్లేని టేకులు అనగానే మావయ్యే గుర్తొచ్చాడు. వలలో టేకు పడగానే ముందు చేసే పని తోక నరికేయడం. ముల్లు రంపం పళ్లలా ఉంటుంది, దిగినంత సులువుగా బయటికి రాదు. అక్కడి మత్స్యశాఖ మనిషి కూడా అదే అన్నాడు, వలలో పడ్డ చేపలకు జాలర్లు తోక కోసెయ్యడం మామూలేనని. కొన్ని జాలర్ల పనే అయ్యుండొచ్చు, కొన్ని నిజంగానే పగ అయ్యుండొచ్చు. చేపకు పగ ఏమిటో. అది బెదిరి తోక విసిరింది, అంతే.

పగ అనే మాట ఇంకొకరు కూడా వాడారు. రచయిత్రి జెర్మైన్ గ్రీర్, జంతులోకం చివరికి ఇర్విన్ మీద పగ తీర్చుకుందని లండన్ పత్రికలో రాసింది. ఆవిడా ఆస్ట్రేలియనే. దేశమంతా ఆవిడ మీద విరుచుకుపడింది. నాకు ఆ తిట్లలో ఒక తమాషా కనిపించింది. జంతువులను అలా గెలకడం మంచిది కాదు అన్న మాట అంతకు నెల ముందు మా వంటగదిలోనే ఎన్నిసార్లు విన్నానో. ఆయన శవం లేవకముందే ఆవిడ అనేసింది, తేడా అంతే.

ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు చేస్తామంది. తండ్రి బాబ్ ఇర్విన్ వద్దన్నాడు. నా కొడుకు మామూలు మనిషి, మామూలు మనిషిగానే గుర్తుండాలనుకునేవాడు అన్నాడు. ఇది విని మా రూమ్‌లో ఉన్న అయిదుగురు తెలుగు కుర్రాళ్లం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మన దగ్గర అధికార లాంఛనాలు ఇవ్వకపోతే గొడవ. ఇస్తామంటే వద్దనడం మేమెవరం వినలేదు.

దానికి బదులు 20వ తేదీ బుధవారం జూలోనే, ఆయన మొసళ్ల షోలు చేసే క్రొకోసియంలో సంతాప సభ పెట్టారు. 5,500 సీట్లు. ప్రపంచమంతా కలిపి 30 కోట్ల మందికి పైగా చూశారని అన్నారు గానీ, ఇలాంటి అంకెలు నేను పెద్దగా నమ్మను. మేం అయిదుగురం మాత్రం చూశాం. ప్రధాని జాన్ హోవార్డ్ మాట్లాడాడు. తర్వాత ఆ పాప, బిందీ, కాగితం పట్టుకుని వచ్చింది. మా నాన్నే నా హీరో అంది, నాకు అవసరమైనప్పుడల్లా ఉన్నాడు అంది. గొంతు వణకలేదు. అది చూసి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎనిమిదేళ్ల పిల్లను అందరి ముందూ మాట్లాడించడం తప్పని మా రూమ్మేట్ ఒకడు వాదించాడు. అప్పుడు నేనూ అవునన్నాను. ఇప్పుడు నాకూ ఒక కూతురుంది, ఏమనాలో తెలియడం లేదు.

ఆ తర్వాత ఆయన తిరిగే ట్రక్కును ఆయన సామానుతోనే నింపి, జాన్ విలియమ్‌సన్ పాట పాడుతుండగా మెల్లగా బయటికి నడిపించుకు వెళ్లారు. క్యాంపులకు వెళ్లేటప్పుడు సర్దుకునే సామాను, సర్ఫింగ్ బోర్డు, అన్నీ ఉన్నాయి. డ్రైవర్ సీట్లో ఆయన లేడు. సిబ్బంది పసుప్పచ్చ పూలతో నేల మీద "క్రైకీ" అని పేర్చారు. అంతసేపూ తప్పొప్పులు వాదించిన మా రూమ్మేటే లేచి బాత్రూంలోకి పోయి తలుపేసుకున్నాడు. వాడు ఆయన ప్రోగ్రాం ఒక్కటి కూడా పూర్తిగా చూసినవాడు కాదు. అంతకు మూడేళ్ల ముందు వాడి నాన్న పోయాడు, ఆయన స్కూటర్ ఇంకా వాళ్లింట్లోనే ఉందని నాకు తర్వాత తెలిసింది. మీరు అడిగిన "నిజంగానేనా" అన్నదానికి నా దగ్గర ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

వంటగదిలో మాత్రం చాలా రోజులు ఆ జోకు ఎవరూ ఎత్తలేదు. షెఫ్ కోళ్లు తీసేవాడు, కోసేవాడు. నవంబరు మధ్యలో ఒక శుక్రవారం, రద్దీగా ఉన్న రాత్రి, ఆర్డర్లు అందక అందరికీ టెన్షన్. ఫ్రీజర్ తలుపు తెరిచి షెఫ్ కాసేపు అలాగే నిలబడ్డాడు. కోడిని రెండు చేతులతో పైకెత్తి, మునుపటంత గట్టిగా కాదు, మాకు వినబడీ వినబడకుండా, "క్రైకీ" అన్నాడు. నవ్వాలా వద్దా అని ఒక్క క్షణం అందరం ఆగాం. మొదట నేనే నవ్వాను.