నవలను 1944లో ఆపేయకు

చెల్లీ,

నువ్వు పంపిన నవల చదివాను. ముందే ఒక మాట గట్టిగా చెప్తాను, మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం. నీ నవల ఆగకూడని చోట ఆగిపోయింది. ఆష్విట్జ్ నాజీ క్యాంపులో భాగమైన బిర్కెనావ్‌లో, జిప్సీలని పిలిచే రోమా, సింతీ కుటుంబాలను పెట్టిన క్యాంపును 1944 ఆగస్టు 2 రాత్రి ఖాళీ చేయించి, మిగిలిన దాదాపు 4,300 మందిని, ఎక్కువగా ఆడవాళ్లని, పిల్లల్ని, ముసలివాళ్లని, గ్యాస్ చాంబర్లలో చంపేయడం దగ్గర ముగించావు. చదివినవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటారు, అదంతా హిట్లర్ కాలం నాటి సంగతి అనుకుంటారు, పుస్తకం మూసేస్తారు. కానీ ఆ చావులను ఆ తర్వాత నలభై ఏళ్ల దాకా ఎవరూ లెక్కలోకి తీసుకోకుండా చేసింది హిట్లర్ పోయాక వచ్చిన కోర్టులు, పోలీసులు, ఆఫీసులే. అది రాయకపోతే సగం కథే చెప్పినట్టు.

1956లో పశ్చిమ జర్మనీ ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పు చూడు. 1943కి ముందు వీళ్లని తరలించింది జాతి పేరుతో కాదట, వీళ్ల నడవడి బాగాలేదు కాబట్టి నేరాలు జరక్కుండా తీసుకున్న చర్యట! అంటే 1940లోనే పోలండ్‌కు తోలేసిన కుటుంబాలకు పరిహారం లేదు. దాన్ని 1963లో కొంతవరకు సరిదిద్దారు, అప్పటికి ఎంతమంది ముసలివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి పోయారో. అది జాతిహత్యేనని ప్రభుత్వం తరఫున ఛాన్సలర్ హెల్మట్ ష్మిట్ ఒప్పుకున్నది 1982లో, అదీ ఊరికే కాదు. 1980 ఈస్టర్ రోజుల్లో కొందరు సింతీలు డాఖావ్‌లో, ఒకప్పటి కాన్సంట్రేషన్ క్యాంపు స్థలంలోనే, నిరాహార దీక్షకు కూర్చున్నారు. బతికి బయటపడినవాళ్లూ ఉన్నారు, యుద్ధం తర్వాత పుట్టిన సింతీ నాయకుడు రోమాని రోజే లాంటివాళ్లూ ఉన్నారు. నీ నవలలో తరాలు కలవాల్సిన చోటు అది.

ఎవా జస్టిన్ గురించి నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, అక్కడ నాకు బాధేసింది. నాజీల కాలంలో రాబర్ట్ రిట్టర్ నడిపిన జాతి పరిశోధన బృందంలో ఆమె ముఖ్యురాలు. సింతీల ఇళ్లకు వెళ్లి వాళ్ల భాషలోనే పలకరించి, నమ్మకం సంపాదించి, అమ్మమ్మ ఎవరు, తాత ఎవరు అని అడిగి వంశవృక్షాలు రాసుకుంది. ముల్ఫింగెన్ అనాథాశ్రమంలో ఉన్న సింతీ పిల్లల మీద డాక్టరేట్ థీసిస్ రాసింది. థీసిస్ పని అయిపోయింది, 1944 మేలో వాళ్లలో 39 మందిని ఆష్విట్జ్‌కు పంపేశారు, బతికింది నలుగురే. యుద్ధం తర్వాత ఆమె ఫ్రాంక్‌ఫర్ట్ నగర ఆరోగ్య శాఖలో ఉద్యోగం చేసుకుంది, 1960లో ఆమె మీద జరుగుతున్న విచారణ కూడా ఆపేశారు. ఇప్పుడు చెప్పు, నోటుపుస్తకం పట్టుకుని వచ్చి మీ కథ చెప్పండి అని అడిగే రచయితను చూస్తే ఆ కుటుంబాలకు ఏమనిపిస్తుంది? వాళ్లు మౌనంగా ఉంటే నీ పాత్ర దాన్ని మొండితనం అంటుంది. ఆ వాక్యం తీసెయ్. నువ్వు చూసి వర్ణించిన పాత ఫోటోలు కూడా చాలావరకు ఆ బృందం తీసినవే. ఆ ముఖాల్లో ఉన్న బెదురు కెమెరా వెనక నిలబడ్డవాళ్ల వల్ల వచ్చింది, అది రాయి.

రిట్టర్ బృందం రాసిపెట్టుకున్న ఫైళ్ల సంగతి ఇంకా ఉంది. యుద్ధం అయ్యాక కూడా అవి పరిశోధకుల చేతులు మారుతూనే ఉన్నాయి. 1981 సెప్టెంబరులో సింతీలు ట్యూబింగెన్ యూనివర్సిటీ ఆర్కైవ్‌లోకి వెళ్లి కూర్చుని, వాటిని ఫెడరల్ ఆర్కైవ్స్‌కి పంపించేదాకా ఊరుకోలేదు. చంపడానికి తయారుచేసిన కాగితాలు, తమ పెద్దవాళ్ల పేర్లున్న కాగితాలు! నీ మనవరాలి పాత్రను అక్కడికి తీసుకెళ్లు. నీకు అంతకంటే పెద్ద సన్నివేశం దొరకదు.

మన లంబాడీలూ రోమాలూ ఒకటేనని నీ పాత్ర ఒకటి గర్వంగా అంటుంది చూడు, దానికి గట్టి ఆధారం లేదు. రోమాల భాష మన ఉత్తరాది భాషలకు చుట్టమన్నది మాత్రం నిజం. కానీ రిట్టర్ బృందం కూడా అక్కడి నుంచే మొదలుపెట్టింది, భారతదేశం నుంచి వచ్చారు, దారిలో సంకరమయ్యారు, ఆ సంకరమే ప్రమాదం అని. మూలాల గురించి రాసేటప్పుడు ఆ జాగ్రత్త ఉండాలి. మనతో పోలిక కావాలంటే 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ఉంది, స్టువర్టుపురం ఎరుకలవాళ్లని అడుగు, పుట్టుకతోనే దొంగ అని పోలీసు రిజిస్టరులో రాయించుకోవడం ఏమిటో చెప్తారు. అంతవరకే, అక్కడ గ్యాస్ చాంబర్లు లేవు.

చెయా స్టోయ్కాను చదివి తీరాలి. ఆస్ట్రియా రోమా ఆమె, చేతి మీద జడ్ 6399 అని క్యాంపులో వేసిన ఖైదీ నంబరు పచ్చబొట్టు. ఆష్విట్జ్, రావెన్స్‌బ్రూక్, బెర్గెన్-బెల్సెన్ మూడు క్యాంపులూ దాటి వచ్చింది, తమ్ముడిని ఆష్విట్జ్‌లో పోగొట్టుకుంది. ఆమె మొదటి పుస్తకం వచ్చింది 1988లో, యాభై దాటాక. బొమ్మలు వేయడమూ అప్పుడే మొదలైంది. బెల్సెన్‌లో ఆకలికి ఆకులు తిని బతికిందని చెప్పేది, బొమ్మల్లో సంతకం పక్కన చాలాసార్లు చిన్న కొమ్మ వేసేది. ఆమె ఎప్పుడూ బాధ ఒక్కటే చెప్పదు, బండి, గుర్రాలు, పొద్దుతిరుగుడు పూలు, అమ్మ, అన్నీ ఉంటాయి. నీ మొదటి అధ్యాయంలో అవేవీ లేవు, అందుకే చనిపోయినవాళ్లు చనిపోకముందు ఎవరో మనకు తెలియడం లేదు.

ఇప్పుడు ప్రతి ఏటా ఆగస్టు 2కి రోమా యువకులు చాలా దేశాల నుంచి క్రాకోవ్‌కు, ఆష్విట్జ్‌కు వస్తున్నారు. వాళ్లలో బతికినవాళ్ల నోట నేరుగా విన్నవాళ్లు ఇక తగ్గిపోతారు. కాబట్టి మనవరాలి వయసు, ఊరు, ఆమెకు ఇంట్లో ఎవరు ఎంత చెప్పారు, ఎవరు చెప్పలేదు, ముందు ఇవి తేల్చుకో. తర్వాత 1956 నుంచి 1982 దాకా కొత్త భాగం రాసి పంపు, ఎంత పొడుగైనా పర్లేదు, చదువుతాను.

ప్రేమతో,
అక్క